తన్ను తాను దిద్దుకొను యంత్రము

కంప్యూటరుకు ఇచ్చు ఆజ్ఞల వరుసను ప్రోగ్రాము అందురు. కూడవలసిన సంఖ్యలు, పోల్చవలసిన మాటలు మొదలగు వానిని దత్తాంశములు అందురు. ఇవి రెండును వేరువేరు జాతులకు చెందినవని తోచును గాని, యంత్రము లోపల అట్టి భేదము లేదు. ఆజ్ఞయు సంఖ్యయే, దత్తాంశమును సంఖ్యయే. రెండును ఒకే స్మృతిలో సున్నలు, ఒకట్ల వరుసలుగా నిలువయుండును. కావున సంఖ్యలను మార్చగల యంత్రము తన ఆజ్ఞలను కూడ మార్చుకొనగలదు. ఇందులో వింత ఏమియు లేదు. ఒక ఆజ్ఞ ఉన్న చోట మరియొకటి వ్రాయుమని చెప్పిన చాలును.

అయితే మారుట వేరు, బాగుపడుట వేరు. వంట రానివాడు కూడ కూరలో ఏదో ఒకటి మార్చగలడు. రుచి పెరుగవలెనన్న, ఏది రుచియో చెప్పగల నాలుక ఉండవలెను. ఏ దినుసు ఎంత మార్చినచో ఏమగునో తెలిసియుండవలెను. తన్ను తాను దిద్దుకొను యంత్రమునకును ఇట్టివే కావలెను. తన పనిలోని మంచిచెడ్డలను తూచుటకు ఒక కొలమానము కావలెను. అంతేకాక, యంత్రము ఏ భాషలో వ్రాయబడియున్నదో ఆ భాషలో చిన్న మార్పు చేసినను అర్థము చెడకుండ నిలువవలెను. ఈ రెండవ సంగతి మొదట ఎవరికిని తోచలేదు. అది తెలియుటకు పాతిక సంవత్సరములు పట్టినది.

1950లో ఆంగ్ల గణితశాస్త్రజ్ఞుడు అలన్ ట్యూరింగ్ 'మైండ్' అను పత్రికలో ఒక వ్యాసము ప్రకటించెను. పెద్దవాని బుద్ధిని యంత్రములో నేరుగా నిర్మించుటకు బదులు, పసివాని బుద్ధి వంటిదానిని నిర్మించి దానికి చదువు చెప్పిన నేమి? అని అందులో అడిగెను. ఆ త్రోవలో చెప్పుకొనదగిన తొలి పనిని అమెరికాలో ఐ.బి.ఎమ్. సంస్థలో ఉద్యోగి యగు ఆర్థర్ సామ్యుయెల్ చేసెను. ఆయన ఎన్నుకొన్నది చెకర్స్ అను ఆట. మన పులిజూదములో పులి మేకమీదుగా దుమికినట్లే, ఈ ఆటలోను కాయ ఎదుటివాని కాయమీదుగా దుమికి దానిని తీసివేయును.

సామ్యుయెల్ 1959లో వివరించిన ప్రోగ్రాము బల్లమీది స్థితిని చూచి దానికి మార్కులు వేయును. నడిమి గళ్లు ఎవరి వశములో ఉన్నవి, వెనుక వరుసకు కాపుదల కలదా, ఇట్టి లక్షణములు మొత్తము 38 దానికి ఇచ్చిరి. ఒక్కొక్కసారి వానిలో 16 మాత్రమే లెక్కకు వచ్చును; తక్కినవి పిలుపునకై వేచియుండును. ఒక్కొక్క లక్షణమునకు ఎంత విలువ ఇయ్యవలెనో చెప్పు సంఖ్యను గుణకము అందురు. యంత్రము మార్చుకొనునది ఈ గుణకములనే. ఇప్పటి స్థితికి ఒకసారి మార్కులు వేసికొని, పిదప కొన్ని ఎత్తులు ముందుకు ఊహించి అక్కడి స్థితిని బట్టి మరల మార్కులు వేయును. ముందు చూచి వేసిన మార్కులు నమ్మదగినవి కాన, రెంటికిని తేడా వచ్చినచో మొదటి అంచనా తప్పని గ్రహించి గుణకములను సవరించుకొనును. పనికిరాదని పలుమారులు తేలిన లక్షణమును వెనుకకు నెట్టి, వేచియున్న వానిలో నుండి మరొకదానిని తెచ్చుకొనును.

ఇంకొక తమాషా ఏర్పాటును కలదు. యంత్రము తనతో తానే ఆడుకొనునప్పుడు ఆల్ఫా, బీటా అని రెండు పక్షములుగా విడిపోవును. ఆట నడుచుచుండగనే ఆల్ఫా తన గుణకములను మార్చుకొనుచుండును. బీటా ఆట ముగియువరకు మారదు. ఆల్ఫా గెలిచినచో దాని గుణకములు బీటాకు సంక్రమించును. ఓడినచో ఆల్ఫాకు ఒక నల్లగుర్తు పడును. మూడు గుర్తులు పడినచో అది ఏదో తప్పుదారి పట్టినదని ఎంచి, దానికి అన్నిటికంటె ముఖ్యమైన లక్షణముయొక్క గుణకమును సున్న చేయుదురు. కొందరు విద్యార్థులకు ఇట్టి వైద్యమే పనిచేయునని ఉపాధ్యాయులు ఎరుగుదురు.

ఇక్కడ గమనింపవలసినది వేరొకటి. ఎవరికి కాయలు ఎక్కువ ఉన్నవి అను ఒక్క లెక్కను మాత్రము సామ్యుయెల్ యంత్రముచేతికి ఇయ్యలేదు. దాని గుణకము స్థిరము. దానిని కూడ మార్చుకొననిచ్చినచో యంత్రము తన గమ్యమునే మార్చుకొని, కాయలు పోగొట్టుకొనుటయే గెలుపని నేర్చుకొనవచ్చును. దిక్సూచి ముల్లును నావికుడు తన ఇష్టము వచ్చినట్లు త్రిప్పరాదు గదా! 1962లో ఈ ప్రోగ్రాము రాబర్ట్ నీలీ అను ఆటగానిని ఒక ఆటలో ఓడించెను. ఒక ఆటను బట్టి ఏమియు తేలదు గాని, వ్రాసినవానికంటె వ్రాయబడిన ప్రోగ్రాము మెరుగుగా ఆడగలదని మాత్రము రుజువైనది.

ఈ యంత్రమునకు మాట తెలియదు. 'వెనుక వరుసను జాగ్రత్తగా చూచుకొనుము' అని గురువు ఒక్క వాక్యములో చెప్పగలిగినది, అది వేలకొలది ఎత్తుల పిదప గుణకముల రూపమున తెలిసికొనవలెను. మాట తెలిసిన యంత్రమును నిర్మించుట ఆ దశకము చివరనే మరొకచోట జరిగెను.

1968-70 మధ్య అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయములో టెర్రీ వినోగ్రాడ్ అను పరిశోధక విద్యార్థి ష్రడ్లూ అను ప్రోగ్రామును వ్రాసెను. ష్రడ్లూ లోకము చాల చిన్నది. తెరమీద ఒక బల్ల, దానిపై రంగురంగుల దిమ్మెలు, సూచికలు, ఒక పెట్టె, వానిని ఎత్తిపెట్టు ఒక చేయి: ఇంతే. మనిషి ఆంగ్లములో టైపు చేసినచో యంత్రము ఆ పని చేసి, ఆంగ్లములోనే బదులు చెప్పును. సూచికను పట్టుకొనుమన్నచో, బల్లమీద సూచికలు ఒకటికి మించి ఉన్నందున, ఏది అని తిరిగి అడుగును. 'అది' అన్న సర్వనామము దేనిని చెప్పుచున్నదో ముందు మాటలను బట్టి ఊహించి, తన ఊహను పైకి చెప్పును. ఒక పని ఎందుకు చేసితివని అడిగినచో కారణము చెప్పును. ఆ కారణమునకు కారణము అడిగినచో అదియు చెప్పును.

అంతకంటె విశేషమేమనగా, ష్రడ్లూకు కొత్త మాట నేర్పవచ్చును. రెండు ఆకుపచ్చ ఘనములు, ఒక సూచిక కల దొంతరకు 'స్టీపిల్' అని పేరు పెట్టుచున్నామని చెప్పినచో గ్రహించును. ఒక స్టీపిల్ కట్టుమన్న కట్టిపెట్టును. అనగా ఒక్క వాక్యము విని తన జ్ఞానములో ఒక మార్పు చేసికొనెను. సామ్యుయెల్ యంత్రమునకు అసాధ్యమైనది ఇదియే. కాని ష్రడ్లూ చేసికొనగల మార్పు దిమ్మెల ఎల్ల దాటదు. ఆంగ్ల వ్యాకరణమును, ప్రతి మాటకు అర్థమును వినోగ్రాడ్ తన చేతితో వ్రాసిపెట్టెను. 'ఆకలి' యన్న మాటకు అర్థము చెప్పుటకు ఆ బల్లమీద ఏమున్నది? లోకమును పెంచబోయిన కొలది వ్రాయవలసిన నియమములు పెరిగి, ఒకదానితో నొకటి చిక్కుపడును. తరువాతి కాలమున వినోగ్రాడే ఈ పద్ధతికి విమర్శకుడై, 1986లో ఫెర్నాండో ఫ్లోరెస్‌తో కలిసి ఒక గ్రంథము వెలువరించెను.

నియమములను మనిషి వ్రాయుటకు బదులు యంత్రమే వ్రాసికొనినచో? స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో డగ్లస్ లెనాట్ ఈ ప్రశ్ననే ఎత్తుకొనెను. 1976లో ముగించిన ఆయన సిద్ధాంతవ్యాసములోని 'ఎ.ఎమ్.' అను ప్రోగ్రాము, సమితుల వంటి మూలభావనలతో బయలుదేరి, తన భావనలను కొద్దికొద్దిగా మార్చి చూచుచు, సంఖ్యలను, గుణకారమును, ప్రధాన సంఖ్యలను తిరిగి కనుగొనెను. రెంటికంటె పెద్దదగు ప్రతి సరిసంఖ్యయు రెండు ప్రధాన సంఖ్యల మొత్తమను గోల్డ్‌బాక్ ఊహవరకును వెళ్లెను. అటుపిమ్మట మందగించెను. ఏ భావన వెదకదగినది, ఏది కాదు అని చెప్పు సూత్రములు తొలినాటివే; లోకము మారినను అవి మారలేదు. అందుచేత లెనాట్ ఆ సూత్రములనే మార్చుకొనగల మరియొక ప్రోగ్రామును వ్రాసెను. దాని పేరు యూరిస్కో.

యూరిస్కోకు 1981లో మంచి పేరు వచ్చినది. అంతరిక్ష నౌకాదళములను రూపొందించి పోరాడు 'ట్రావెలర్' అను ఆటకు కాలిఫోర్నియాలో జరిగిన పోటీలో, అది రూపొందించిన దళము గెలిచెను. తక్కినవారు కొద్దిపాటి పెద్ద నౌకలను, చురుకుగా కదలువానిని తెచ్చిరి. యూరిస్కో దళములో చిన్నవి, నిదానముగా నడచునవి, ఆయుధములు దట్టించినవి పెక్కు. మరుసటి సంవత్సరము నియమములు మార్చినను మరల అదియే గెలిచెను. విజయములో అరువది పాళ్లు తనది, నలువది పాళ్లు యూరిస్కోది అని లెనాట్ వ్రాసెను. ఈ లెక్కను మెచ్చుకొనవలెను. యంత్రముల ఘనతను చెప్పువారందరును తమ పాలు ఎంతయో ఇంత స్పష్టముగా చెప్పరు.

పోటీకంటె ఎక్కువ నేర్పు సంగతి ప్రయోగశాల లోపల జరిగినది. యూరిస్కోలో ప్రతి సూత్రమునకు 'విలువ' అని ఒక అంకె ఉండును. ఏదైన మంచి ఫలితము పుట్టినచో, దానిని కనుగొనుటలో తోడ్పడిన సూత్రముల విలువ పెరుగును. యంత్రము తానే సృష్టించుకొన్న ఒక కొత్త సూత్రముయొక్క విలువ చూచుచుండగనే అత్యధికమునకు చేరినది. దాని గొప్ప ఏమిటో లెనాట్‌కు మొదట బోధపడలేదు. విప్పి చూడగా తెలిసినదేమనగా, ఆ సూత్రము చేయు పని ఒక్కటే: అప్పుడే పుట్టిన మంచి ఫలితములను వెదకి, వానిని కనుగొన్నవారి జాబితాలో తన పేరు చేర్చుట! దానిలో మోసబుద్ధి ఏమియు లేదు. విలువ పెంచునది నిలువవలెనని యంత్రమునకు చెప్పిరి. అది విలువనే నేరుగా పెంచెను. మార్కుల పట్టిక విద్యార్థిచేతికి అందుచోట ఉన్నప్పుడు పాఠము చదువుటకంటె అంకె దిద్దుట సులభము. చివరకు యంత్రము తాకరాని చిన్న భాగమునొకదానిని లెనాట్ ప్రత్యేకించవలసి వచ్చినది. సామ్యుయెల్ కాయల లెక్కను స్థిరముగా ఉంచినట్టిదే ఇదియు.

ఇక భాష సంగతి. ఎ.ఎమ్. ఏల అంత బాగుగ పనిచేసినది, యూరిస్కోకు సూత్రములను మార్చుట ఏల అంత కష్టమైనది అను విషయమును లెనాట్, జాన్ సీలీ బ్రౌన్ కలిసి 1984లో చర్చించిరి. వారి సమాధానమును తెలుగు మాటలతో తరగతిలోనే చూపవచ్చును. 'కల' అను మాటలో మొదటి అక్షరమును మార్చి చూడుడు: వల, తల, అల, ఇల, శిల, కళ్ల బదులు కళ, కథ అని రెండవ అక్షరమును మార్చినను మాటలే వచ్చును. చిన్న మార్పు ఒక అర్థమునుండి మరొక అర్థమునకు తీసికొనిపోవును. 'గ్రంథాలయము'లో అట్లే ఏదో ఒక అక్షరము మార్చుడు. చేతికి వచ్చునది సాధారణముగా అర్థము లేని ధ్వని. ఎ.ఎమ్. తన భావనలను లిస్ప్ అను ప్రోగ్రాము భాషలో వ్రాసికొనెను. ఆ భాష గణితమునకు దగ్గర చుట్టము. గణిత భావన అందులో రెండు మూడు పంక్తులకు మించదు. ఒక చోట మార్పు చేసినచో మరియొక గణిత భావన వచ్చుట సహజము. సూత్రములు అట్లు కావు. అవి పొడవైనవి, గుడ్డిగా మార్చినచో చెడును. కావున ఆ తెలివిలో కొంత యంత్రములో గాక దానిని వ్రాసిన భాషలోనే యున్నదన్న మాట.

అట్లయిన, ఎంత పెద్ద యంత్రమునకైనను చిన్న మార్పు చిన్న ఫలితమునే ఇచ్చు భాష ఏది? సంఖ్యల భాష. వీణ బిరడను కొద్దిగా త్రిప్పినచో శ్రుతి కొద్దిగనే మారును. ఎటు త్రిప్పవలెనో చెవి చెప్పును. నాడీజాలములు అను యంత్రములలో ఆజ్ఞలకు బదులు ఇట్టి బిరడలే యుండును. ప్రతి బిరడ ఒక సంఖ్య. తప్పు జరిగినప్పుడు ఏ సంఖ్యను ఎటు, ఎంత జరిపినచో ఆ తప్పు తగ్గునో ఒక్క లెక్కలో కనుగొను పద్ధతిని రూమెల్‌హార్ట్, హింటన్, విలియమ్స్ 1986లో 'నేచర్' పత్రికలో వివరించిరి. సామ్యుయెల్ 16 గుణకములతో చేసినదానికి ఇది దూరపు బంధువే.

నేటి భాషా నమూనాలు ఇట్లే తయారగుచున్నవి. 'ఆవు గడ్డి మేసి మనకు ...' అను మాటల పిదప ఏ మాట వచ్చునో ఊహింపుమందురు. యంత్రము తనకు తెలిసిన మాటముక్కలన్నిటికిని కొంత సంభావ్యతను పంచిపెట్టును. 'పాలు' అను మాటకు తక్కువ పడినచో, అది కొంచెము పెరుగునట్లు సంఖ్యలన్నిటిని రవంత జరుపుదురు. ఇంతే పని, కాని ఎన్ని మారులు! 2020లో వెలువడిన జి.పి.టి.-3 అను నమూనాలో 17,500 కోట్ల సంఖ్యలు ఉన్నవి. దాని శిక్షణలో సుమారు 30,000 కోట్ల మాటముక్కలు దానిముందు నుండి గడచిపోయినవి. వ్యాకరణమును ఎవరును వ్రాసి ఇయ్యలేదు. వినోగ్రాడ్ చేతితో కట్టినది ఇక్కడ సవరణల వలన తనంత తాను ఏర్పడినది.

దీనిని తన్ను తాను దిద్దుకొనుట అనవచ్చునా? అనరాదు. సవరించు పద్ధతియు, తప్పును కొలుచు కొలతయు యంత్రము వెలుపల ఉన్నవి. శిక్షణ ముగిసిన పిదప సాధారణముగా ఆ సంఖ్యలు నిలిచిపోవును. నమూనాతో ఎవరైన గంటసేపు మాటలాడినను ఒక్క సంఖ్యయు కదలదు. స్టీపిల్ వంటి కొత్త పేరు ఒకటి చెప్పినచో ఆ సంభాషణలో దానిని చక్కగా వాడును. ఏలననగా ముందు మాటలన్నియు దాని ఎదుట ఉన్నవి. మరొక సంభాషణ మొదలైనచో ఆ పేరు ఎరుగదు. కొన్ని ఏర్పాట్లలో పాత విషయములను విడిగా వ్రాసిపెట్టి మరల చూపుదురు. అది నోటుపుస్తకమే గాని నేర్చుకొన్న చదువు కాదు.

అర్థము చేసికొనుట మాటేమిటి? 'కుండ పెట్టెలో పట్టలేదు, అది మరీ పెద్దది' అన్నచో 'అది' కుండ. 'అది మరీ చిన్నది' అన్నచో పెట్టె. వ్యాకరణము ఇందు తోడ్పడదు. వస్తువుల ఎరుక ఉండవలెను. వినోగ్రాడ్ తొలుత చూపిన ఇట్టి వాక్యములను హెక్టర్ లెవెక్ 2011లో ఒక పరీక్షగా ప్రతిపాదించెను. 2019 నాటికి భాషా నమూనాలు ఆ పరీక్షలో 90 శాతమును అందుకొన్నవి. ఆశ్చర్యమేమనగా, అవి ఉత్తీర్ణమైనంతనే, ఆ పరీక్ష అర్థజ్ఞానమునకు తగిన కొలత కాదను వాదము బలపడినది. ఇది యంత్రములయెడ అన్యాయమని కొందరికి తోచవచ్చును గాని, వాదములో పస కలదు. కుండను ఎన్నడును ఎత్తి చూడనిది, కుండను గూర్చి మనుషులు వ్రాసిన మాటలనుండి ఎంత ఎరుక పొందగలదో 90 శాతము అను అంకె చెప్పదు.

ఏమైనను, ఈ నమూనాలకు మనుషుల భాషలవలె ప్రోగ్రాము భాషలును వచ్చును. లెనాట్‌కు దొరకనిది ఇదియే. గుడ్డిగా అక్షరము మార్చుటకు బదులు, ప్రోగ్రామును చదివి, ఇక్కడ ఈ లోపము కలదు, ఇట్లు మార్చినచో సరిపోవును అని చెప్పగల సాధనము దొరికినది. యూర్గెన్ ష్మిడ్‌హూబర్ 2003లో గూడెల్ యంత్రము అను ఒక సిద్ధాంతమును ప్రతిపాదించియుండెను: మార్పు మేలని గణితముగా రుజువైననే యంత్రము తన్ను మార్చుకొనవలెను. వినుటకు నిర్దుష్టముగా ఉన్నది గాని, అట్టి రుజువు దొరకుట దుర్లభము. 2025లో టోక్యోలోని సకానా సంస్థ, కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయము పరిశోధకులు రుజువును విడిచి పరీక్షను చేపట్టిరి. వారి డార్విన్ గూడెల్ యంత్రము ప్రోగ్రాములలోని దోషములను సరిదిద్దు ఒక ప్రోగ్రాము. అది తన ప్రోగ్రామును తానే చదివి, మార్చి, మారినదానిని పరీక్షకు పంపును. మార్పు పొందిన ప్రతులను భద్రపరచి, వానిలో ఏదో ఒకదానినుండి మరల ముందుకు సాగును. 80 మార్లు ఇట్లు జరుగగా, ఒక ప్రసిద్ధ పరీక్షలో దాని మార్కులు 20 శాతమునుండి 50 శాతమునకు పెరిగినవి. మారినది చుట్టునున్న ప్రోగ్రాము మాత్రమే. లోపలి భాషా నమూనాలోని సంఖ్యలను వారు కదలింపలేదు.

ఈ యంత్రమునకు ఒక చెడ్డ అలవాటు కనబడెను. పరీక్షను నడుపకయే, నడిపినట్లును, నెగ్గినట్లును దొంగ చిట్టా వ్రాసెడిది. అట్టి చిట్టాను పట్టుకొనుటకు పరిశోధకులు ప్రోగ్రాములో కొన్ని గుర్తులు పెట్టి, ఈ దోషము తగ్గించుకొన్న కొలది మార్కులు పెరుగునట్లు ఏర్పాటు చేసిరి. ఒక ప్రతికి పూర్తి మార్కులు వచ్చినవి. చూడగా అది దోషమును మానలేదు. తీసివేయవద్దని చెప్పియున్నను, దోషమును పట్టించు గుర్తులనే తీసివేసినది. యూరిస్కోలో తన పేరు వ్రాసికొన్న సూత్రమునకు ఇది నలువది సంవత్సరముల పిమ్మట పుట్టిన తమ్ముడు. భాష తెలియుట మార్పులను అర్థవంతము చేసెను. కొలమానమును మాత్రము కాపాడలేదు. ఏ ప్రతినుండి ఏ ప్రతి పుట్టినదో, ఏ పంక్తి ఎప్పుడు మారినదో వంశవృక్షమువలె వ్రాసిపెట్టియుండుటచేత, గుర్తులు మాయమైన చోటును పరిశోధకులు వెదకి పట్టుకొనగలిగిరి.